శిలాతోరణం వయసు వేరు, దాని కింది రాయి వయసు వేరు

తిరుమల శిలాతోరణం మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే "తిరుమల శిలాతోరణం 250 కోట్ల సంవత్సరాల నాటిది" అన్న వాక్యం సరికాదు. అంత వయసు కొండ అడుగున ఉన్న గ్రానైట్, నైస్ (వేడికి, ఒత్తిడికి మారి చారలు తేలిన రాయి) శిలలది. శిలాతోరణం క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడిన రాయి. ఈ రెండింటి నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. ఘాట్ రోడ్డులో ఆ హద్దు కంటికే కనిపిస్తుంది. కింద పొరలు లేని రాయి, పైన పుస్తకాల దొంతరలా పేర్చినట్టు క్వార్ట్‌జైట్. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

పొరపాటుకు కారణం బహుశా రాళ్లలో ఉండే జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. ఈ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని తీసుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది కాబట్టి, పోగైన సీసాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది. కానీ ఇసుకలోని జిర్కాన్ చెప్పేది అది కొట్టుకొచ్చిన పాత రాయి వయసు, ఇసుక పేరుకున్న కాలం కాదు.

నైస్ కథ ఇంకా లోతైనది. చిత్తూరులో మా అమ్మమ్మ రుబ్బురోలు నిండా నలుపు తెలుపు చారలే. అలాంటి రాతిలో ఒక్కో జిర్కాన్‌కు నడిబొడ్డు పాతది, అంచు కొత్తది కావచ్చు. నడిబొడ్డు రాయి పుట్టుకను, అంచు తర్వాతి వేడిని, ఒత్తిడిని నమోదు చేస్తాయి. కుప్పం పక్కన, బంగారు గనులకు పేరుపొందిన కోలారు రాతి పట్టీకి రెండు వైపులా నైస్ శిలల చరిత్రలు వేరని ఇలాగే తేలింది. వేర్వేరు భూఖండాలు అక్కడ అతుక్కున్నాయని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. వ్యాసంలో కోలారు ప్రస్తావన కూడా ఉండాల్సింది.