గోడౌనుకి పనికొచ్చిన పద్ధతి పద్దులకి పనికొస్తుందా?

పర్లాకిమిడిలో మా మావయ్యకి బియ్యం మిల్లుంది. ఈ ఏడు కొత్త గోడౌను కట్టిస్తున్నాడు, చేతిపద్దులు మానేసి ధాన్యం లెక్కలకి ఒక ప్రోగ్రాం కూడా రాయించుకుంటున్నాడు. రాసేది మా అక్క, విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండూ కోతల్లోపు అయిపోవాలి. మొన్న భోజనాలయ్యాక ఇద్దరూ పట్టుకున్న వాదన ఇది, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మావయ్య: గోడౌనుకి డ్రాయింగు, ఎస్టిమేటు, ఏ వారం ఏ పనో అన్నీ గోడకి అంటించాను. నువ్వేమో రెండు వారాలకోసారి ఏదో తెచ్చి చూపించి, బాగుందా మావయ్యా అంటావు. మేస్త్రీ గోడ లేపి, నచ్చకపోతే పడగొడతానంటే ఊరుకుంటానా?

అక్క: ఊరుకోకు. గోడౌనుకి నీ పద్ధతే సరి. స్లాబు పోశాక పైపుకి దారి వదల్లేదని గుర్తొస్తే కొత్త స్లాబే పగలగొట్టుకోవాలి. నా తప్పు దిద్దడానికి ఒక పూట చాలు. మొదటిసారి చూపించినప్పుడు గుమస్తాగారు ఏమన్నారు?

మావయ్య: గోనె బరువు తియ్యలేదన్నాడు.

అక్క: మూడు రోజులు పక్కన కూర్చుని రాసుకున్న నోట్సులో ఆ మాటే లేదు. ఆయన 30 ఏళ్లుగా దాన్ని మనసులోనే తీసేస్తున్నారు కాబట్టి చెప్పాలని ఆయనకి తట్టలేదు, అడగాలని నాకూ తట్టలేదు, తెర మీద అంకె తేడాగా కనిపించాకే బయటపడింది. అలాంటివి ఇంకెన్నున్నాయో ముందే ఎలా రాసివ్వను?

మావయ్య: తెలియనివి సరే, తెలిసినవో? 2018లో తిత్లీ తుపానుకి నీళ్లు ఎంతదాకా వచ్చాయో పాత గోడ మీద చార ఇంకా ఉంది. దానికి రెండడుగులు పైన కొత్త గోడౌను మట్టం పెట్టాను. అందులో చూసి చూసి తేల్చడానికేముంది?

అక్క: ఏమీ లేదు, తెలిసినదాన్ని ముందే రాసేసుకోవాలి. కానీ నీ పద్ధతికి మావాళ్లు వాటర్‌ఫాల్ అని పేరు పెట్టి, 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా కంప్యూటర్ నిపుణుడు రాసిన వ్యాసం దానికి మూలమంటారు. చిత్రమేంటంటే ఇలా ఒక్కదారిన పోయి పరీక్షంతా చివరికి పెట్టుకుంటే పని మళ్లీ మొదటికొస్తుందని ఆ వ్యాసంలోనే ఉంది.

మావయ్య: ఇలా కొంచెం కొంచెం చేసి చూపించి దిద్దుకునే మీ పద్ధతి, అజైల్ అంటావే, అది కూడా 2001లో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు రాసుకున్నదేనని నువ్వే చెప్పావు. అది నా సైటుకెలా కుదురుతుంది?

అక్క: కుదరదు. అందుకే పని స్వభావం చూడమంటున్నాను. ఎంతమంది చేస్తున్నారు, తప్పు జరిగితే డబ్బు పోతుందా ప్రాణం పోతుందా, అవసరాలు ఎంత తరచుగా మారుతున్నాయి, చేసేవాళ్ల అనుభవమెంత. నీ దగ్గర 25 మంది, కప్పు కూలితే ప్రాణాలే పోతాయి. నా దగ్గర ఇద్దరం.

మావయ్య: ఇద్దరే కదాని అంతా వదులుగా ఉంచేస్తావా? రైతుకిచ్చే చీటీ సంగతేంటి? నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉంటే గుణుపురం వైపు నుంచి వచ్చిన రైతు మనం మోసం చేశామనుకుంటాడు. తాలుకెంత, తేమకెంత తీస్తామో కోతలకి ముందే తేల్చెయ్. సీజన్లో ముట్టుకోకు.

అక్క వెంటనే బదులివ్వలేకపోయింది. ఈ ఒక్కచోట మావయ్య మాటే నిజమని నాకూ అనిపించింది, ఎందుకంటే కోడ్ మార్చడం ఒక పూట పనే అయినా పోయిన నమ్మకం పూటలో తిరిగి రాదు.

అక్క: సరే, చీటీ మార్చను. నువ్వు కూడా లోపలి అడ్డగోడలు ఇప్పుడే కట్టించకు. బస్తాలు ఎటునుంచి దిగుతాయో ఒక సీజన్ చూసి కట్టు.

మావయ్య: అది బాగుంది. మన నౌపడా రైలు చూడు, 1900లో ఇక్కడిదాకా వేసి, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. దూరం విడతల్లో పెంచుకోవచ్చు, గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, అలా కాదు. చిన్న గేజి తీసి పెద్దది వెయ్యడానికి ఏళ్ల తరబడి రైలే ఆగిపోయింది, గుణుపురానికి మళ్లీ బండి వచ్చేసరికి 2011. నీ ప్రోగ్రాంలో గేజి లాంటిది ఏదో అది చెప్పు నాకు.

అక్క: లారీ కాటా. బరువు దాన్నుంచి నేరుగా నా ప్రోగ్రాంలోకి రావాలి.

మావయ్య: ఏ మోడలో తేలిందా?

అక్క: ఇంకా లేదు.

మావయ్య: గురువారం కాటా గుంత తవ్వుతానన్నాడు మేస్త్రీ.

అక్క: ఆపించు మావయ్యా. మోడల్ తెలియకుండా గుంత కొలతలెలా ఇస్తావు? బుధవారం రాత్రికి చెబుతాను.