మూడింటికి మేలుకున్న మనిషి

రాత్రి ఒంటిగంట దాటినా మా అబ్బాయి గది తలుపు కింద నుంచి వెలుతురు వస్తూనే ఉంటుంది. మూడింటికి నేను దుప్పటి తన్నేసి, చెమటతో తడిసిన మెడ తుడుచుకుంటూ మంచం అంచున కూర్చుంటాను. నాలుగున్నరకల్లా మామగారు లేచి వంటింట్లో గిన్నెలు సర్దడం మొదలుపెడతారు. మూడు షిఫ్టుల్లో నడిచే ఇల్లు మాది. తెల్లారాక ఒకరికొకరం తగిలించుకునే పేర్లూ మూడే: వాడిది బద్ధకం, నాది చిరాకు, ఆయనది చాదస్తం.

మూడూ తప్పుడు పేర్లేనంటాను నేను.

రెండు కళ్ల నరాలూ కలుసుకునే చోటుకి కాస్త పైన, మెదడులో దాదాపు 20,000 కణాల చిన్న గుత్తి ఒకటుంది. ఒంటికి గడియారం అదే. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే రాత్రి హార్మోనును వదలమని పీనియల్ గ్రంథికి కబురు వెళ్లేది అక్కడి నుంచే. ఈడొచ్చిన పిల్లల్లో ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. పెద్దవాళ్లలో గడియారం ముందుకు జరుగుతుంది, గాఢనిద్ర పల్చబడుతుంది. పెద్ద తరగతుల బళ్లు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే చెప్పింది. ఫోన్ల పాపం ఫోన్లదే, కాదనను. కానీ ఫోన్లు లేని రోజుల్లో మాత్రం పదహారేళ్లవాళ్లు పిలవకుండానే లేచారా ఏమిటి?

వాళ్లిద్దరి సంగతీ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. మూడింటికి లేచి కూర్చున్న మనిషి ఊసే, ముట్లుడిగే వయసు ఆడమనిషి ఊసే, ఎవరూ ఎత్తరు.

ముట్లుడగడమంటే అండాశయాలు పని మానేయడం, అంతటితో సరి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అండాశయాలకు పని చెప్పేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, దానికి పని చెప్పేది మెదడులోనే హైపోథాలమస్ అనే భాగం. అది తన హార్మోనును ధారగా వదలదు, గంటకో గంటన్నరకో ఒకసారి విడతలుగా వదులుతుంది. ఆ విడతల్లోనే ఉంది కిటుకంతా. 1970ల్లో కోతుల మీద చేసి చూశారు: గంటకోసారి ఇస్తే పిట్యూటరీ పలికింది, ఆపకుండా ఎక్కిస్తే మూగబోయింది. తలుపు తడితే తీస్తాం గానీ, అదేపనిగా బాదుతుంటే ఎవరు తీస్తారు?

హైపోథాలమస్‌లో ఆ విడతలకు లయ కట్టే కణాలను, అండాశయాలు వదిలే ఈస్ట్రోజెన్ హార్మోను అదుపులో ఉంచుతుంది. అది తగ్గాక వాటికి పగ్గాలుండవు. చనిపోయాక పరీక్షించిన మెదళ్లలో, ముట్లుడిగిన స్త్రీలకు ఈ కణాలు ఉబ్బి కనిపించాయి. ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే భాగానికీ వీటికీ సంబంధం ఉంది. వీటి హడావుడికి అది కంగారుపడి, ఒళ్లు మండిపోతోందని లెక్క కట్టి, చర్మంలో రక్తనాళాలు తెరిచి చెమట పట్టించేస్తుంది. గదిలో వేడేమీ ఉండదు. ఐదు నిమిషాల్లో అంతా తగ్గి, తడి బట్టలకు చలి మొదలవుతుంది. దుప్పటి మళ్లీ మీదికి లాక్కోవడం, నిద్ర మాత్రం రాకపోవడం.

అమెరికాలో ఏళ్ల తరబడి సాగిన ఒక అధ్యయనంలో, ఈ సెగలు తరచూ వచ్చే స్త్రీలలో సగం మందికి అవి 7 ఏళ్లు దాటి ఉన్నాయని తేలింది. ఏడేళ్లు! ఏడేళ్లు నిద్ర చెడినవాళ్లు పొద్దున్నే నవ్వుతూ తిరగాలట.

ఈ సెగలకు వాడే హార్మోను మందుల దగ్గర మనకు పాత భయం ఒకటుంది. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ వాళ్లు, ముట్లుడిగిన స్త్రీలకు హార్మోన్లు ఇచ్చి చూస్తున్న ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారు. ఆ కబురు ఊరంతా పాకింది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అన్నది మాత్రం పాకలేదు. అరవై లోపు ఉండి, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఆ మందులతో నష్టం కన్నా లాభమే ఎక్కువని ఇప్పుడు వైద్య సంఘాలు అంటున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు. హార్మోను ఊసు లేకుండా మెదడులో ఆ కణాల సంకేతాన్నే అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాలేయానికి రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాల్సిన మందు అది. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పాల్సింది డాక్టరు. అడగాల్సింది మాత్రం మనమే.

మొదటిసారి నేను అడిగితే "వయసు కదమ్మా, అలవాటైపోతుంది" అన్నారు. తల దించుకుని వచ్చేశాను. రెండోసారి వెళ్లేముందు రెండు వారాలు మంచం పక్కన కాగితం పెట్టుకుని, ఏ రాత్రి ఎన్నిసార్లు లేచానో, ఏ టైముకి లేచానో రాశాను. చీకట్లో రాసినవి కదా, సగం అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంకో డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, మొదటి రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టారు.