ఈ వయసులో ఎందుకంటారు

ఉద్యోగ విరమణ తర్వాత కందిపొడి, కరివేపాకు కారం చేసి అమ్ముతున్నాను. పని కష్టం కాదు, వినాల్సి వచ్చే మాటలే కష్టం. "ఈ వయసులో ఎందుకమ్మా, కృష్ణా రామా అనుకోక!" అంటారు ఎదురైన ప్రతివారూ. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం 18 ఏళ్లు నిండాలన్నదే గానీ, పై వయసుకు హద్దు పెట్టలేదు. 35 శాతం రాయితీ కూడా ఇస్తామంది. ఆ పథకం కాగితాలతో అప్పు కోసం బ్యాంకుకు వెళితే "మీ అబ్బాయి పేరున పెట్టండి" అన్నారు. పొయ్యి దగ్గర నిలబడేది నేను, అప్పు తీర్చేది నేను. అబ్బాయి పేరెందుకు?

ఇక బంధువులు! కందిపప్పు సన్నని సెగ మీద దోరగా వేగాలి. కాస్త ఏమరితే అడుగు మాడి పొడంతా చేదెక్కుతుంది. సీసా, మూత, దాని మీద 14 అంకెల ఆహార భద్రత నంబరుతో చీటీ, అన్నీ ఖర్చే. తీరా ధర చెబితే "ఇంట్లో చేసిందేగా, మన దగ్గర కూడా డబ్బులా?" అంటారు. అంగట్లో ప్యాకెట్టు మీద అచ్చేసిన ధర మారుమాట్లాడకుండా చెల్లించేవారే నా దగ్గర గీచి గీచి బేరమాడతారు. నా చాకిరీకి వెల లేదా? ఇకమీదట ఎవరికీ ఊరికే ఇవ్వను. దయచేసి అడగవద్దు.