గెలిచి మాయమైన పార్టీలు

మొన్న గ్యాస్ బుక్ కోసం సొరుగంతా తిరగేస్తుంటే ఓ ప్లాస్టిక్ ఈల దొరికింది. 2009 ఎన్నికల ముందు కూకట్‌పల్లిలో లోక్‌సత్తా ప్రచారంలో ఎవరో కుర్రాడు చేతిలో పెట్టిన ఈల. తాడు ఎప్పుడో తెగిపోయింది, రంగు వెలిసింది, లోపలి గుండు మాత్రం ఇంకా గలగలమంటోంది. మా వాడు అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఏ ఆటది నాన్నా?" అన్నాడు. ఆటది కాదురా, పార్టీది అంటే నమ్మలేదు. వాడి తప్పేం లేదు. వాడు పుట్టేసరికే ఆ పార్టీ ఎన్నికల్లో పోటీ చేయడం మానేసింది.

2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను తన జాబితాలోంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడనివి, ఇచ్చిన అడ్రసుకి వెళ్తే ఆఫీసే లేనివి. సెప్టెంబరులో మరో 474. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు, అవన్నీ లెటర్‌హెడ్ పార్టీలే కదా అని. నిజమే, వాటి కోసం కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. నాకు గుర్తొచ్చినవి వేరే. లక్షల ఓట్లు తెచ్చుకుని, అసెంబ్లీలో వరసలకి వరసలు నింపి, ఇవాళ పేరు చెబితే "అదేంటి" అనిపించుకునే పార్టీలు. వాటిని ఏ సంఘమూ తీసేయలేదు. చాలావాటిని ఓటరు కూడా తీసేయలేదు. పెట్టినవాళ్లే తీసుకెళ్లి ఇంకో పార్టీలో కలిపేశారు. దానికి మన పత్రికలు పెట్టిన ముద్దు పేరు విలీనం. నదులు సముద్రంలో కలిసినట్టు, ఎంత పవిత్రంగా వినిపిస్తుందో చూడండి.

మొదటి ఎన్నికల నుంచీ ఇదే వరస. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా సాగిన ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. డబ్బా మీద గుర్తు బొమ్మ. చదువు రానివాళ్లు బొమ్మ చూసి చీటీ అందులో వేయాలి. కాంగ్రెస్‌కి కాడి కట్టిన ఎడ్ల జత. మనవైపు ఎడ్లతో పాటు బాగా కనిపించిన బొమ్మలు ఇంకో రెండు: ఆచార్య కృపలానీ పెట్టిన, ప్రకాశం పంతులు చేరిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీది గుడిసె, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీది ధాన్యం తూర్పారపడుతున్న రైతు. ఇంత మంచి గుర్తు మళ్లీ ఏ పార్టీకీ దొరకలేదని నా అభిప్రాయం. ఎదుటివాణ్ణి తూర్పారబట్టడం ఎలాగూ రాజకీయాల్లో తప్పదు కదా.

ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు అసెంబ్లీలో 375 సీట్లుంటే కాంగ్రెస్‌కి 152 వచ్చాయి. అంటే మెజారిటీ లేదు. కిసాన్ మజ్దూర్ పార్టీకి 35, కమ్యూనిస్టులకు 62, రంగా పార్టీకి 15. ప్రకాశం నాయకత్వంలో కాంగ్రెసేతరులంతా ఫ్రంటు కట్టారు, అయినా గవర్నరు పిలిచింది కాంగ్రెస్ నాయకుడు రాజాజీని. ఆయనేమో ఎన్నికల్లో పోటీ చేయలేదు, మండలికి నామినేట్ అయ్యి ముఖ్యమంత్రి అయ్యారు. గవర్నర్ల ఆట ఈమధ్యే మొదలైందనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు. ఆ ఏడాది తిరక్కుండానే గుడిసె పార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. మరుసటి ఏడాది ప్రకాశం దాన్నీ వదిలి, కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. గుడిసెకి ఓటేసినవాడు ఎడ్లకి వ్యతిరేకంగా వేశాడు. రెండేళ్లు నిండకుండానే ఆ ఓటు ఎడ్ల కొట్టంలో తేలింది.

రంగా గారి ప్రయాణం ఇంకా చిత్రంగా ఉంటుంది. 1951లో కాంగ్రెస్‌ని కాదని పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఆపాలని అదే కాంగ్రెస్‌తో ఫ్రంటు కట్టారు. ఫ్రంటు 196లో 146 గెలిచింది, కమ్యూనిస్టులు 15కి పడిపోయారు. 1957లో తెనాలి నుంచి కాంగ్రెస్ ఎంపీ. 1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసేసరికి రైతు భూమి పోతుందని మళ్లీ బయటికొచ్చి, రాజాజీతో, మినూ మసానీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. ఆ పార్టీ గుర్తు నక్షత్రం. 1967లో లోక్‌సభలో 44 సీట్లతో అదే అతిపెద్ద ప్రతిపక్షం. మన అసెంబ్లీలో 29 మంది. లైసెన్సు, పర్మిట్ల రాజ్యం వద్దని ఊరూరా అరిచిన పార్టీ 1971లో 8 సీట్లకు పడిపోయింది, 1974లో చరణ్ సింగ్ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఇదొక్కటీ ఓటరు కొట్టిన దెబ్బకి పడ్డ పార్టీ అని ఒప్పుకోవాలి. రంగా గారు మాత్రం 1980లో గుంటూరు నుంచి గెలిచారు, ఏ పార్టీ తరఫునో చెప్పక్కర్లేదు. లైసెన్సుల రాజ్యాన్ని 1991లో కూల్చింది కూడా కాంగ్రెస్ తెలుగు ప్రధానే. స్వతంత్ర పార్టీ చెప్పిన మాట గెలిచింది, పార్టీ పేరు ఎక్కడా లేదు.

హైదరాబాద్ రాష్ట్రం కథ వేరు. ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండేది కాబట్టి వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అనే పేరుతో నిలబడి, 175 సీట్లున్న అసెంబ్లీలో 42 గెలిచారు. నల్లగొండ లోక్‌సభకి రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లొస్తే, నెహ్రూకి ఆయన సీట్లో 2 లక్షల 33 వేల చిల్లర వచ్చాయి. నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కాబట్టి ఓట్లు ఎక్కువ పడ్డాయని కొట్టిపారేసేవాళ్లున్నారు. నెహ్రూదీ ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే మహాప్రభో. పీడీఎఫ్ ఎలాగూ ముసుగే కాబట్టి అది తర్వాత తీసేయడంలో మోసమేమీ లేదు. వేసినవాళ్లకీ తెలుసు ఎవరికి వేస్తున్నారో.

మోసం అనే మాట నాకు 1971 దగ్గర వస్తుంది.

అసెంబ్లీ ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లేవాళ్లకు గన్‌పార్కు తెలుసు. 1969 ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ల కోసం కట్టిన స్తూపం. జూన్ 2 వస్తే దండల మీద దండలు, మిగతా రోజుల్లో చుట్టూ ఇనుప కటకటాలు, బయట ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడ్డ జనం. ఆ ఉద్యమంలోంచి వచ్చిందే తెలంగాణ ప్రజా సమితి. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇందిర గాలి. "గరీబీ హటావో" ముందు పెద్ద పెద్ద పార్టీలు కొట్టుకుపోయాయి. అంత గాలిలోనూ తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజా సమితి గెలిచింది. జనం ఇంతకంటే స్పష్టంగా ఎలా చెబుతారు? ఆరు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరులో, మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని ఆ పార్టీ మొత్తంగా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి పదవి నుంచి దిగిపోయారు, పి.వి. నరసింహారావు వచ్చారు, కొన్ని హామీలు దక్కాయి. రాష్ట్రం మాత్రం రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు గానీ, ఇక్కడ ఏరు సగంలో ఉండగానే తగలేశారు. తెప్ప మీదున్నది నాయకులొక్కరే కాదు కదా. ఆ తర్వాత 30 ఏళ్లు తెలంగాణ కావాలనే ఓటుకి గట్టి గుర్తంటూ లేకుండా పోయింది. కోరిక చచ్చిపోయిందని ఢిల్లీ అనుకుంది, ఆ కోరిక బతికే ఉందని చూపడానికి ఓ డబ్బా లేదంతే.

అదే చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికలు మరీ తమాషా. అసలు కాంగ్రెస్, అంటే ఆవుదూడ గుర్తున్న కాంగ్రెస్, అప్పుడు బ్రహ్మానందరెడ్డి చేతిలో ఉంది. ఇందిర విడిపోయి కొత్త పార్టీ పెట్టి రెండు నెలలు కూడా కాలేదు, ఆవుదూడ దక్కక హస్తం గుర్తు తీసుకున్నారు. ఆ హస్తం మొదటిసారి ఓటరు ముందుకొచ్చిన ఎన్నికల్లో మనదీ ఒకటి. ఇందిర కాంగ్రెస్‌కి 294లో 175, జనతాకి 60, అసలు కాంగ్రెస్‌కి 30. రెడ్డి కాంగ్రెస్ అనేవాళ్లు దాన్ని. మా నాన్న తరం వాళ్లకి తప్ప ఎవరికీ ఆ పేరు గుర్తులేదు. మన దగ్గర పేరు, గుర్తు, ఆఫీసు అన్నీ ఉన్నా పార్టీ కాదు, మనిషే పార్టీ అని అక్కడే తేలిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనం అందరికీ తెలుసు గానీ, ఆ ఎన్నికల్లోనే మేనకా గాంధీ సంజయ్ మంచ్ తెలుగుదేశంతో పొత్తులో 4 సీట్లు గెలిచిందని చెబితే ఇప్పుడు పందెం కాస్తారు, కాసి ఓడిపోతారు.

ప్రజారాజ్యం సంగతి మనం కళ్లారా చూసిందే. 2008 ఆగస్టు 26న తిరుపతిలో ఆ జనం, 2009లో రైలింజన్ గుర్తు. దాదాపు 16 శాతం ఓట్లకు వచ్చిన సీట్లు 18. మన ఎన్నికల లెక్క మూడో పార్టీని ఇలాగే పిండేస్తుంది. ఓట్లు రాష్ట్రమంతా పల్చగా పరుచుకుంటే సీట్లు రావు. మధ్యలో దేవేందర్ గౌడ్ నవ తెలంగాణ పార్టీ వచ్చి ఇందులో కలిసింది, రెండేళ్లకి ఇది వెళ్లి కాంగ్రెస్‌లో కలిసింది. విలీనంలో విలీనం. 16 శాతం తక్కువేం కాదు. దాంతో పదేళ్లు ప్రతిపక్షంలో కూర్చునే ఓపిక ఉంటే ఏమయ్యేదో. కానీ ప్రతిపక్షంలో కూర్చోవడం మన దగ్గర పని కిందకి రాదు, కాంట్రాక్టులు రావు, కేసులొస్తాయి, గెలిచిన ఎమ్మెల్యే ఎన్నికల అప్పు తీర్చుకోవాలి. అందుకే 2011 ఫిబ్రవరిలో విలీనం ప్రకటిస్తే పార్టీలో పెద్దగా ఏడ్చినవాళ్లు లేరు. ఏడ్చింది జెండాలు కుట్టించుకున్న అభిమానులే, వాళ్లనెవరూ అడగలేదు.

చట్టం కూడా దీనికే పీట వేసింది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినప్పుడు మూడోవంతు మంది చీలితే తప్పు కాదన్నారు, 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. మిగిలింది విలీనమే. శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అది ఫిరాయింపు కాదు. ఒక్కడు గోడ దూకితే అనర్హత, పన్నెండు మంది కలిసి దూకితే విలీనం. తెలంగాణలో ఇది అక్షరాలా జరిగింది: 2019 జూన్‌లో కాంగ్రెస్‌కి మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో "విలీనం" అయ్యారు. 18లో రెండొంతులంటే సరిగ్గా 12. అంతకుముందు తెలుగుదేశం 15 మందిలో 12 మంది ఇదే దారి పట్టారు. ఒకప్పుడు పార్టీని కలిపేయాలంటే కనీసం ఓ సభ పెట్టి తీర్మానం చేసేవాళ్లు. ఇప్పుడు పార్టీ ఉన్నచోటే ఉంటుంది, లోపలి ఎమ్మెల్యేలు మాత్రం ఖాళీ అవుతారు.

టీఆర్ఎస్ చేతుల్లోనే ఇది జరగడం నాకు మింగుడుపడదు. ఎందుకంటే విలీనానికి ఒప్పుకోకుండా బతికిన పార్టీ అదే. తెలంగాణ ఇస్తే కాంగ్రెస్‌లో కలిపేస్తామని ముందు అన్నమాట నిజం. 2014 మార్చిలో, బిల్లు పాసయ్యాక, కలిపేది లేదన్నారు. మాట తప్పారని ఆనాడు తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చూస్తే ఆ మాట తప్పడమే సరైన రాజకీయం అనిపిస్తుంది, 1971లో చెన్నారెడ్డి చేయలేనిది అదే. విడిగా నిలబడ్డారు, 119లో 63 గెలిచారు, తొమ్మిదిన్నరేళ్లు ఏలారు.

తర్వాత ఏం చేశారు? 2022 దసరా రోజు పేరులోంచి తెలంగాణ తీసేసి భారత రాష్ట్ర సమితి అన్నారు. ఎవరూ కలుపుకోమని అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. మరుసటి ఏడాది 39 సీట్లతో దిగిపోయారు. పేరు మార్చినందుకే ఓడారని నేననను, దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. కాకపోతే మా గల్లీ చివర చాయ్ బండి దగ్గర రాజకీయం మాట్లాడే నలుగురైదుగురు పెద్దాయనలున్నారు, వాళ్ల నోట్లో బీఆర్ఎస్ అన్న మాట నేనింతవరకు వినలేదు. ఇప్పటికీ టీఆర్ఎసే.