ఫ్రిజ్ తలుపులో కాపురం పెట్టిన సగం సీసా గారికి

అనంతపురం,
జనవరి 4

మహారాజశ్రీ స్పార్క్లింగ్ వైన్, అనగా బుడగల వైను, సీసా గారి సముఖమునకు, చింతపండు గుజ్జు, ఇడ్లీ పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద వగైరా మీ ఇరుగుపొరుగు తరఫున వంటింటివాళ్లం రాసుకున్నది ఏమనగా, ఉభయకుశలోపరి.

మీరు దిగిన రోజు మర్యాదే వేరు. బెంగళూరు నుంచి అల్లుడుగారి సంచిలో, తువ్వాలు చుట్టుకొని వచ్చారు. ఇంటిల్లిపాదీ మిమ్మల్ని షాంపేన్ అన్నారు, మీరూ కాదనలేదు. ఫ్రాన్సులో షాంపేన్ అనే సీమలో తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది. మీ పుట్టిల్లు నాసిక్ అని మీ వీపు మీదే చిన్న అక్షరాల్లో ఉంది. ధర్మవరం చీర కట్టుకొని కంచి పట్టని చెప్పుకోవడం లాంటిదే ఇది. ధర్మవరానికేం తక్కువని?

డిసెంబరు 31 రాత్రి మూత ఠాప్‌మని లేచింది, ఫొటోలయ్యాయి. తలా రెండు గుక్కలు తాగి "పుల్లగుందప్పా" అని మిమ్మల్ని తెచ్చి ఫ్రిజ్ తలుపులో నిలబెట్టారు. మూతిలో ఒక స్టీలు చెంచా వేలాడదీశారు. గ్యాసు పోకుండా కాపాడుతుందట.

ఆ చెంచా సంగతి ముందు తేల్చుకుందాం. మీలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. మూత తీయకముందు లోపలి ఒత్తిడి 5, 6 అట్మాస్ఫియర్లు, కారు టైరులో ఉండేదానికి రెండు మూడు రెట్లు. అంత ఒత్తిడితో బయటికి తోసుకొచ్చేదాన్ని మూతిలో వేలాడే చెంచా ఆపుతుందా? చెంచా పెట్టినా తీసినా మర్నాడు మిగిలేది అంతే. కాస్తో కూస్తో మిగిలిందంటే అది చలి పుణ్యం, చల్లటి వైనులో గ్యాసు ఎక్కువసేపు కరిగి ఉంటుంది. మీ పాత బిరడా పుట్టగొడుగులా ఉబ్బిపోయింది, మళ్లీ దూరదు. పక్కలకు పట్టుకునే కొక్కేల మూతలు ఈ సీసాల కోసమే దొరుకుతాయి. అది బిగించి, ఫ్రిజ్ లోపలి అరలో వెనగ్గా, నిలువుగా పెడితే ఒకటి నుంచి మూడు రోజులు బుడగలు నిలుస్తాయి. మీరు ఎంచుకున్న తలుపు అర మాత్రం ఫ్రిజ్ మొత్తంలో వెచ్చటిది, తీసినప్పుడల్లా కుదుపు. ఎండుద్రాక్ష వేస్తే బుడగలు తిరిగి వస్తాయనే మాటా నమ్మకండి. దాని ముడతల్లో గరుకుండటం వల్ల, ఉన్న కాస్త గ్యాసు కూడా ఒక్కసారిగా లేచి పోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒక్క నిమిషం.

కాబట్టి గ్యాసు పోయింది. ఆ గ్యాసుకే మీకింత గౌరవం జరిగింది. ఇప్పుడు మీలో మిగిలింది పులుపు, సుమారు 12 శాతం ఆల్కహాలు, కాస్త ద్రాక్ష వాసన. ఆ పులుపు గురించే మా మాట. పులుపుతో ఏం చేయాలో రాయలసీమ వంటింటికి ఒకరు నేర్పక్కర్లేదు.

మొదట ఉగ్గాని పక్కకు బజ్జీ. ఉగ్గానిలోకి మిమ్మల్ని రానివ్వం, అక్కడ నిమ్మకాయ ఉంది, పైగా బొరుగులు మెత్తబడి చస్తాయి. బజ్జీ పిండిలో మాత్రం మీకు కొలువుంది. శనగపిండి 150 గ్రాములు, బియ్యప్పిండి రెండు పెద్ద చెంచాలు, ఉప్పు, కారం, వాము, చిటికెడు వంటసోడా కలిపి పెట్టుకోవాలి. నూనె కాగాకే 150 మిల్లీలీటర్ల వైను, బాగా చల్లగా, పోసి గబగబా కలపాలి. గట్టిగా ఉంటే రెండు చెంచాల నీళ్లు. మీలోని పులుపు సోడాకు తగలగానే పిండి బుసబుసా పొంగుతుంది, పోయిన బుడగలు ఈ దారిన తిరిగొస్తాయన్నమాట. ఆల్కహాలు నీటికన్నా త్వరగా ఆవిరైపోతుంది కనక పైపొర కరకరలాడుతుంది. ఇక్కడ చెడేది ఆలస్యం వల్లే. కలిపి పావుగంట పక్కన పెడితే పొంగు చల్లారి బజ్జీ గట్టిగా వస్తుంది. అది చూసి ఇంకో చిటికెడు సోడా వేశారా, నూనె పీల్చుకొని సబ్బు రుచి వస్తుంది. మిరపకాయలో చింతపండు కూరే అలవాటున్నవాళ్లు ఈసారికి మానుకోవాలి, రెండు పులుపులు ఒకచోట పొసగవు. మీ చీటీ మీద బ్రూట్ అని ఉంటే లీటరుకు చక్కెర 12 గ్రాముల లోపే, పనికొస్తారు. డెమీ సెక్ అనే తీపి రకమైతే 32 నుంచి 50 గ్రాములు, లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. ఆ జాతివాళ్లు పాకానికి పోవాలి.

పాకం సులువే. 250 మిల్లీలీటర్ల వైను, 125 గ్రాముల చక్కెర, చీనీకాయ (బత్తాయి) తొక్క నాలుగు పల్చటి చీలికలు, తెల్లపొర అంటకుండా. తీపి వైనైతే చక్కెర రెండు చెంచాలు తగ్గించాలి. వెడల్పాటి స్టీలు గిన్నెలో సన్న సెగ మీద సగానికి కాస్త ఎక్కువ మిగిలేదాకా మరగనివ్వాలి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తింటుంది. చక్కెర పడగానే మిగిలిన గ్యాసంతా లేచి స్టవ్వు మీదికి పొంగుతుంది, అందుకే గిన్నె పెద్దది. చీనీ రసం మాత్రం ఇందులో పోసి కాచకండి, చేదెక్కుతుంది. చల్లారాక వలిచిన చీనీ తొనల మీద పోసుకోవాలి.

కోడూరు బొప్పాయి ముక్కలతో జెల్లీ చేయాలనుకునేవాళ్లు జెలటిన్ జోలికి పోకూడదు, ఉడికించని బొప్పాయిలోని ఎంజైము దాన్ని గడ్డకట్టనివ్వదు. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌కు (అగర్ అగర్) ఆ బాధ లేదు. 10 గ్రాముల చైనా గ్రాస్‌ను 250 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించి, నాలుగు చెంచాల చక్కెర వేసి దించాక 300 మిల్లీలీటర్ల వైను కలపాలి. వైనును దాంతో కలిపి మరిగిస్తే పులుపుకు పట్టు పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా పోస్తే తీగలు తీగలుగా బిగుస్తుంది. అందుకని ఒక అరగంట ముందే బయట పెట్టుకోవాలి.

మాంసం కూరలోకైతే ఉల్లిపాయ వేగాక అరకప్పు, టమాటా తగ్గించి. పోసేటప్పుడు స్టవ్వు ఆపాలి, ఆవిరికి మంట అంటుకుంటుంది.

వారం దాటి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వస్తుంటే మీకు వెనిగర్ ఒక్కటే గతి. అదృష్టం, ఇది జనవరి. వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీల వేడి ఇష్టం, అనంతపురం మే నెల ఎండకు అదీ సోలిపోతుంది. 375 మిల్లీలీటర్ల వైనుకు కాచి చల్లార్చిన నీళ్లు 250. నీళ్లెందుకంటే 12 శాతం ఆల్కహాలులో ఆ బ్యాక్టీరియా పని నత్తనడకే. ఆ కలయికను గాజు సీసాలోనో పచ్చడి జాడీలోనో ఒక రాత్రి తెరిచి ఉంచి, అడుగున మడ్డి ఉన్న వడకట్టని ఆపిల్ వెనిగర్ 125 మిల్లీలీటర్లు కలపాలి. మూతికి పల్చటి పంచె గుడ్డ రెండు మడతలు కట్టాలి. దానికి గాలి కావాలి, మూత బిగిస్తే గోళ్లరంగు వాసనొస్తుంది. పైన జారుడు పొర కడితే శుభం, కదపకండి. నూగు నూగుగా రంగు బూజొస్తే పారబోయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఉగాది నాటికి ఉల్లిపాయ ముక్కల మీద చల్లుకోవచ్చు. దాని పులుపు ఎంతో కొలిచే సాధనం ఇంట్లో ఉండదు కాబట్టి నిల్వ పచ్చళ్లకు వాడకూడదు.

గులాబీ కుండీలో పోస్తే బాగా పూస్తుందనే సలహా మీ శత్రువులిచ్చింది, ఆల్కహాలు వేర్లను చంపుతుంది. చీనీపండ్ల బుట్ట మీద ముసిరే చిన్న ఈగలకు మాత్రం గిన్నెలో రెండు చెంచాల వైను, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ పెడితే వచ్చి మునుగుతాయి.

ఒక ఫిర్యాదు మిగిలింది. "అదేంది నాయనా, ఆముదమా?" అని అవ్వ అడిగితే మనవడు ఆపిల్ జ్యూస్ అన్నాడు, మీరు మెరుస్తూ ఊరుకున్నారు. ఉడికితే మందంతా పోతుందనేది వట్టిమాట. అరగంట ఉడికించిన కూరలో కూడా పోసిన ఆల్కహాలులో దాదాపు మూడో వంతు ఉంటుంది, రెండున్నర గంటలు ఉడికినా అందులో 5 శాతం దాకా. జెల్లీలోనైతే దాదాపు పోసినదంతా. పిల్లలకు, గర్భిణులకు పెట్టకూడదు. ముట్టనివాళ్లకు ముందే చెప్పాలి. రేపు బజ్జీలు వేసేటప్పుడు అవ్వకు వేరే గిన్నెలో నీళ్లతో కలిపిన పిండి, వేరే మూకుడు. మీ పేరు, ఊరు, వయసు ఆమెకు మేమే చెప్తాం.

ఇట్లు,
వంటింటివాళ్లు

తా.క.: ఆ చెంచా ఈ రోజే తిరిగి ఇవ్వగలరు. పాయసం గిన్నెలు ఆరు, చెంచాలు ఐదే ఉన్నాయి.