రామకథ వెంట నడిచిన ఫాదర్

ఆగస్టు 17 హిందీ పండితుడు, రామకథ పరిశోధకుడు, కతోలిక గురువు ఫాదర్ కామిల్ బుల్కే వర్ధంతి. 1982లో ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. హిందీ నేలపై ఆయన పేరు తెలియని భాషాభిమాని ఉండరు. తెలుగునాట ఆయన్ని తలుచుకునేవారు తక్కువ. తలుచుకోవాల్సిన అవసరం మాత్రం మనకు ఎక్కువే ఉందని మేం భావిస్తున్నాం.

బెల్జియంలో ఫ్లెమిష్ మాట్లాడే రామ్స్‌కపెల్ అనే పల్లెలో 1909లో ఆయన పుట్టారు. లూవెన్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివారు. ఆ రోజుల్లో అక్కడ పెద్ద చదువులకూ, పెద్దరికానికీ ఫ్రెంచి కావాలి. ఇంటి భాష మాట్లాడేవారంటే చులకన. ఆ చులకనను ఎదిరించిన విద్యార్థి తరం ఆయనది. తర్వాత కతోలిక సన్యాస సంఘమైన జెస్యూట్ సభలో చేరి 1935లో మన దేశానికి వచ్చారు. ఇక్కడ చదువుకున్నవాళ్లు ఇంగ్లిష్ మాట్లాడటమే గొప్ప అనుకోవడం, సొంత సాహిత్యం ఊసే పట్టకపోవడం చూసి నొచ్చుకున్నారు. ఆ నొప్పి ఆయన పుట్టిన గడ్డ మీదే ఎరిగినది. అందుకే హిందీని మత ప్రచారకుడి అవసరం మేరకు నేర్చుకుని ఆగిపోలేదు.

ఇప్పటి ఝార్ఖండ్‌లోని గుమ్లాలో పిల్లలకు లెక్కలు చెప్పారు. హిందీ, సంస్కృతం పట్టుదలగా నేర్చారు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరితే, హిందీ సాహిత్యం మీద రాసే సిద్ధాంత గ్రంథమైనా ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న నిబంధన ఎదురైంది. హిందీలోనే రాస్తానని ఆయన పట్టుబట్టారు. చివరికి నిబంధనే మారింది. ఒక విదేశీయుడు అడిగేదాకా ఆ గడప ఎందుకు తెరుచుకోలేదన్నది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న.

ఆ పరిశోధనే 1950లో 'రామకథ' పేరుతో అచ్చయింది. వాల్మీకి దగ్గర మొదలై బౌద్ధ జాతకాలు, జైన పురాణాలు, దక్షిణాది రామాయణాలు, టిబెట్, ఇండోనేషియా కథల దాకా రాముడి వెంట ఆయన నడిచారు. ఏ ఘట్టం ఎక్కడ పుట్టింది, ఏ ప్రాంతంలో ఎలా మారింది అన్నది ఓపిగ్గా నమోదు చేశారు. ఏది అసలు, ఏది నకిలీ అని తగువు పెట్టలేదు. తులసీదాసు అంటే ఆయనకు ప్రాణం. కతోలిక గురువుగా దివ్యబలి సమర్పించే మనిషికి ఆ ప్రేమ అడ్డు కాలేదు. బైబిల్‌ను హిందీలోకి తెచ్చే పనికీ అంతే శ్రద్ధ పెట్టారు. మిషనరీ అనగానే అనుమానంగా చూసేవారూ, మతం మారితే సంస్కృతి పోతుందని భయపడేవారూ ఈ జీవితాన్ని ఒకసారి తెరిచి చదవాలి.

రాంచీలోని సెయింట్ జేవియర్స్ కాలేజీలో హిందీ, సంస్కృత శాఖకు అధిపతిగా పనిచేశారు. చెవుడు ముదిరి పాఠాలు చెప్పడం కష్టమయ్యాక కూడా ఆయన పుస్తకాల గది విద్యార్థులకు మూతపడలేదు. తెల్లటి గడ్డంతో సైకిల్ తొక్కుతూ వచ్చే ఆ మనిషిని ఊరంతా ఎరుగుదురు. 1968లో ఇంగ్లిష్–హిందీ నిఘంటువు వెలువరించారు. భారత పౌరసత్వం తీసుకుని ఇక్కడే ఉండిపోయారు. 1974లో పద్మభూషణ్ వచ్చింది. ఢిల్లీలో సమాధి చేసిన ఆయన అవశేషాలను 2018లో రాంచీకి తీసుకెళ్లి ఆ కాలేజీ ఆవరణలోనే ఉంచారు.

బుల్కే అడిగిన మాట మన వర్సిటీల్లో ఇంకా గట్టిగా వినిపించడం లేదు. తెలుగు శాఖ గడప దాటి చరిత్రలోనో, అర్థశాస్త్రంలోనో, విజ్ఞానశాస్త్రంలోనో తెలుగులో థీసిస్ రాస్తానని ఒక విద్యార్థి నిలబడితే, అతనికి సరేనని చెప్పే గైడ్, దాన్ని దిద్దగలిగే పరీక్షకుడు దొరకాలి. ఆ ఏర్పాటు చేసే బాధ్యత వైస్ ఛాన్స్‌లర్లదీ, ఉన్నత విద్యామండళ్లదీ.