సెట్ అయిన సంబంధం

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమారుడి నుంచి ‘మొత్తానికి సెట్ అయింది, శనివారం ఇంటికి వస్తోంది’ అన్న సందేశం అందగానే, కాకినాడలోని మా పెద్దమ్మ వీధిలో అందరికీ కాజాలు పంచిపెట్టింది. అబ్బాయి నెల రోజులుగా సోఫా సెట్ కోసం దుకాణాలు తిరుగుతున్న సంగతి ఆవిడకు తెలియదు. పిల్ల కోసం తాను రెండేళ్ళుగా తిరుగుతున్న సంగతి మాత్రం వీధి వీధంతటికీ తెలుసు.

ఆంగ్లోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన పెదనాన్నగారు తొందరపడవద్దన్నారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ బృహన్నిఘంటువు రెండవ కూర్పులో ‘సెట్’కు ఒక్క క్రియగానే దాదాపు 430 అర్థాలున్నాయనీ, సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా, గడియారంలో అలారం పెట్టినా అదే మాటనీ వివరించారు. అయితే 1852లో రోజెట్ అనే వైద్యుడు ప్రకటించిన పర్యాయపద కోశానికి వారసురాలైన ఒక ప్రతి ఆయన బీరువాలో ఉంది. అందులో ‘నిశ్చయించు’, ‘ఖాయపరచు’ అనే అర్థాలిచ్చే మాటలు కనబడేసరికి ఆయన కూడా ఒక కాజా నోట్లో వేసుకున్నారు. తెలుగు వ్యాకరణం సైతం ఆదుకోలేదు: వచ్చేది కోడలైనా కుర్చీ అయినా మన భాషలో ‘వస్తోంది’ అనే అంటాం కదా!

సాయంత్రం పెద్దమ్మ ఫోను చేసి, మన పెద్దవాళ్ళందరిలాగే ముందు రంగు అడిగింది.

“కాస్త ముదురేనమ్మా, మరక పడినా కనబడదు.”

“ఎత్తు?”

“మూడడుగులు కూడా ఉండదు. అయినా లిఫ్టులో పట్టదట, నలుగురు మనుషులు మోసుకొస్తారు.”

పెద్దమ్మ గోడ పట్టుకుని కూర్చుంది.

“నచ్చకపోతే ఏడు రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చులే” అని అబ్బాయి ధైర్యం చెప్పాడు.

అసలు విషయం తేలిన తరువాత, ఇకమీదట ఇంటికి రాసే ప్రతి ముక్కా అచ్చ తెలుగులోనే ఉండాలని పెదనాన్నగారు కుమారుణ్ణి ఆజ్ఞాపించారు. తండ్రి మాట జవదాటని ఆ అబ్బాయి శనివారం మధ్యాహ్నం ‘వచ్చింది, మన ఇంటికి చక్కగా కుదిరింది’ అని రాశాడు. దురదృష్టవశాత్తూ ఆ సమయంలో పెద్దమ్మ వంటింట్లో ఉండడం వల్ల, ఆ సందేశాన్ని ముందుగా చదివినది పక్కింటి పిన్నిగారు.